యాభై ఆరేళ్లకు నౌకరీ పోయిన ఉస్తాద్: దాగ్ దెహ్లవీ

1887 మార్చిలో రాంపూర్ నవాబు కల్బే అలీ ఖాన్ ఇంతకాల్ అయ్యారు. ఒక చిన్న సంస్థానానికి నవాబు పోవడం చరిత్రలో పెద్ద వార్త కాదు. కానీ ఆ సంస్థానం జీతం మీద బతుకుతున్న పదుల కుటుంబాలకు అది పిడుగుపాటు. ఆ జీతగాళ్లలో ఒకరు నవాబ్ మీర్జా ఖాన్. కలం పేరు దాగ్. ఉర్దూ తెలిసినవాళ్లకు ఆ పేరు పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివాళ్లకు ఒక్కమాట: ఆ రోజుల్లో లాహోర్ నుంచి కలకత్తా దాకా గజల్ పాడే గొంతు ఏదైనా సరే, అందులో దాగ్ గజల్ ఒకటైనా ఉండేది. అంతటి మనిషి కూడా నెల తిరిగితే వచ్చే జీతం కోసమే ఎదురుచూసేవారు. ఆ జీతం ఆగే నాటికి ఆయన వయసు యాభై ఆరుకు దగ్గరపడింది.

దాగ్ కథను మామూలుగా చివరి నుంచి చెబుతుంటారు. నిజాం కొలువు, బిరుదులు, వెయ్యి రూపాయల జీతం. మన హైదరాబాద్‌లో ఆయన పేరెత్తితే ముందు ఆ వైభవమే చెప్తారు. రాంపూర్ ఉద్యోగం పోవడానికీ, ఇక్కడ ఉద్యోగం దొరకడానికీ మధ్య దాదాపు నాలుగేళ్లు గడిచాయి. వాటిని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో ముఖ్యమైన భాగం ఆ నాలుగేళ్లే అనిపిస్తుంది.

అయితే ఇల్లు కూలడం ఆయనకు అదే మొదటిసారి కాదు. ఆయన 1831లో ఢిల్లీలో పుట్టారు. తండ్రి నవాబ్ షంసుద్దీన్ అహ్మద్ ఖాన్, ఫిరోజ్‌పూర్ ఝిర్కా జాగీరు ఆయనది. 1835లో ఢిల్లీలో విలియం ఫ్రేజర్ అనే ఇంగ్లీషు అధికారి హత్య జరిగింది. ఆ హత్య చేయించాడన్న నేరం మోపి అదే ఏడాది షంసుద్దీన్‌ను ఉరి తీశారు. జాగీరును కంపెనీ సర్కారు స్వాధీనం చేసుకుంది. పిల్లవాడికి అప్పుడు నాలుగేళ్లు. (ఇక్కడ ఒక చిత్రం ఉంది. మీర్జా గాలిబ్ తన పింఛను కోసం కలకత్తా దాకా వెళ్లి ఏళ్ల తరబడి కొట్లాడింది ఈ జాగీరు నుంచి రావలసిన డబ్బు గురించే. ఉర్దూలో ఇద్దరు పెద్ద కవుల కష్టాలు ఒకే ఖజానా దగ్గర మొదలయ్యాయన్నమాట.)

తర్వాత కొన్నేళ్లకు తల్లి వజీర్ ఖానం మొఘల్ యువరాజు మీర్జా ఫఖ్రూను నికాహ్ చేసుకున్నారు. ఆయన చివరి బాదుషా బహదూర్ షా జఫర్‌కు వారసుడిగా ఖాయమైనవాడు. అలా కుర్రవాడు ఎర్రకోటలో అడుగుపెట్టాడు. బాదుషాకే ఉస్తాద్ అయిన జౌఖ్ దగ్గర కవిత్వం నేర్చుకున్నాడు. కోటలో నేర్చుకున్నది కవిత్వం ఒక్కటే కాదు. జనానాలో బేగంలు మాట్లాడుకునే ఉర్దూ, ఆ నుడికారం, ఆ దెప్పిపొడుపులు, ఆ గారాలు కూడా చెవిన పడ్డాయి. తర్వాత ఆయనకు జీవితాంతం తిండిపెట్టిన ఆస్తి ఇదే. దీనికి దస్తావేజు లేదు కాబట్టి ఎవరూ జప్తు చేయలేకపోయారు.

1856 జూలైలో మీర్జా ఫఖ్రూ చనిపోయారు. తల్లీకొడుకులు కోట వదిలి బయటికి రావలసి వచ్చింది. ఏడాది తిరగకుండానే 1857 వచ్చింది. కోటే పోయింది, బాదుషా రంగూన్ పోయాడు, ఢిల్లీ ముస్లింలను ఊరి బయటికి తరిమేశారు. అప్పటికి దాగ్‌కు ఇరవై ఆరేళ్లు. అంటే ఇరవై ఆరేళ్లలో మూడుసార్లు ఆయన కాళ్ల కింది నేల పోయింది. ఆ గదర్‌లో రాంపూర్ సంస్థానం ఇంగ్లీషువాళ్ల పక్షాన ఉండడం వల్ల దెబ్బతినలేదు. ఢిల్లీ, లక్నోలు వదిలిన కవులు, హకీములు, గాయకులు చాలామంది అక్కడికి చేరారు. దాగ్ పిన్నమ్మకు అప్పటికే రాంపూర్ నవాబు కుటుంబంతో సంబంధం ఉంది. అందుకే ఆయన కూడా అక్కడికే చేరారు.

1866లో కల్బే అలీ ఖాన్ ఆయనకు పక్కా ఉద్యోగం ఇచ్చారు. కవిగా కాదు, గుర్రపుశాల దరోగాగా! నెలకు డెబ్బై రూపాయలు. దాగ్ అంటే మచ్చ, వాత అని కూడా అర్థం. గుర్రాలకు వేసే ముద్రను కూడా అదే మాటతో పిలుస్తారు. ఊళ్లో కవులు ఊరుకుంటారా? ఢిల్లీ నుంచి వచ్చిన గుర్రానికి శాలలో అడుగు పెట్టగానే వాత పడిందని ఎవరో షేర్ కట్టేశారు. దాగ్ అవేమీ పట్టించుకోలేదు. ఉదయం గుర్రాల దాణా లెక్కలు, సాయంత్రం ముషాయిరా. ఇరవై ఒక్క ఏళ్లు ఇలాగే గడిచింది. నవాబుతో కలిసి హజ్ చేసి వచ్చారు. గుల్జారె దాగ్, ఆఫ్తాబె దాగ్ అనే రెండు దీవాన్లు అచ్చయ్యాయి. మధ్యలో మున్నీ బాయి హిజాబ్ అనే కలకత్తా గాయని మీద మనసుపడి ఆమె కోసం అంత దూరం వెళ్లారు కూడా. ఆ ముచ్చట మీద ఫర్యాదె దాగ్ అనే మస్నవీ రాశారు. ఏదైతేనేం, డెబ్బై రూపాయల్లో జీవితం స్థిరపడింది.

స్థిరపడింది అనుకున్నప్పుడే నవాబు పోయారు. కొత్త నవాబు ముష్తాక్ అలీ ఖాన్ ఆరోగ్యం అంతంతమాత్రం. రాజ్యవ్యవహారాలు కౌన్సిల్ చేతికి వెళ్లాయి, దాని మీద పెత్తనం జనరల్ అజీముద్దీన్ ఖాన్‌ది. కొత్త యాజమాన్యం మొదట చూసేది ఖర్చుల పుస్తకమే గదా. కవుల జీతాలు వాళ్లకు దండగగా కనిపించాయి. కొందరి జీతాలు తగ్గాయి, కొందరివి ఆగాయి. దర్బారు చెదిరింది. ఆ ఏడాదిలోనే దాగ్ రాంపూర్ ఉద్యోగానికి దూరమయ్యారు. ఆయన తప్పేమీ లేదు. గుర్రపుశాల లెక్కల్లో తేడా వచ్చిందనీ ఎవరూ అనలేదు. పైనున్నవాడు మారాడు, అంతే.

ఇదే ఏడాది సెప్టెంబర్‌లో కలకత్తా దగ్గర మటియాబుర్జ్‌లో అవధ్ మాజీ నవాబు వాజిద్ అలీ షా కూడా కన్నుమూశారు. అక్కడి కొలువూ చెదిరింది. అక్కడి రాజకుమారులకు పాఠాలు చెప్పే అలీ హైదర్ నజ్మ్ తబాతబాయీ అలా రోడ్డున పడి హైదరాబాద్ వచ్చారు. ఆయనకు అప్పుడు ముప్పైలు. కొత్తగా మొదలుపెట్టే వయసు. తర్వాత నిజాం కాలేజీలో చదువు చెప్పారు. ముప్పై మూడేళ్లకు ఉద్యోగం పోవడం, యాభై ఆరేళ్లకు పోవడం ఒకటి కాదు. ఈ తేడా ఏమిటో సౌదీ నుంచో దుబాయి నుంచో యాభై దాటాక ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చినవాళ్లను అడిగితే తెలుస్తుంది. పనితనం చేతిలోనే ఉంటుంది. కానీ ఎదుటివాడు ముందు చూసేది గడ్డంలో తెల్ల వెంట్రుకల్ని.

దాగ్ ఏం చేశారంటే, ప్రయాణం కట్టారు. ఢిల్లీ వెళ్లారు. అక్కడ ఆయన ఎరిగిన ఢిల్లీ లేదు. లాహోర్, అమృత్‌సర్, ఆగ్రా, అలీగఢ్, మథుర, జైపూర్, అజ్మీర్ ఇలా ఊరూరా తిరిగారు. ప్రతి ఊళ్లోనూ శిష్యులు, అభిమానులు ఉన్నారు. వెళ్లినచోట ముషాయిరా, విందు, ఆదరణ. పైకి చూసినవాళ్లకు ఇదంతా ఉస్తాద్‌గారి దిగ్విజయంలా కనిపించి ఉంటుంది. కానీ విందు ఒక పూటే. జేజేలు కొట్టిన ఊళ్లలో ఒక్కదానిలోనూ నెలనెలా జీతమిచ్చే గుమ్మం లేదు. పేరు ఉండడం వేరు, రాబడి ఉండడం వేరు. అప్పట్లో గజల్ ఎంతమంది పాడినా కవి చేతికి పైసా వచ్చే పద్ధతి లేదు. ఆయన గజళ్లు పాడిన గాయనులకు సొమ్ము వచ్చింది, పుస్తకాలు వేసినవాళ్లకు వచ్చింది. రాసినవాడికి దర్బారే దిక్కు.

మరి ఏ దర్బారు? ఢిల్లీ పోయింది, లక్నో పోయింది, రాంపూర్ తలుపు మూసుకుంది. మిగిలిన పెద్ద గుమ్మం హైదరాబాద్ ఒక్కటే. పైగా ఆ 1880ల్లోనే నిజాం ప్రభుత్వం ఫార్సీని పక్కనపెట్టి ఉర్దూను పాలనా భాషగా చేసుకుంటోంది. మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ లాంటి ఉత్తరాదివాళ్లు ఇక్కడ పెద్ద పదవుల్లో ఉన్నారు. ఉర్దూ బాగా తెలిసినవాడికి ఇక్కడ గిరాకీ ఉందన్న మాట ఉత్తరాదిలో పాకింది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఇలా బయటివాళ్లు వచ్చి పడుతుంటే ఊరివాళ్లకు కడుపు మండింది. ముల్కీ, గైర్ ముల్కీ తగాదా అప్పటికే రాజుకుంది. స్థానికుల బాధలో న్యాయం లేకపోలేదు. అందుకే దాగ్ వస్తున్నది ఎర్రతివాచీ పరిచిన ఊరికి అనుకుంటే పొరపాటు.

1888లో ఆయన హైదరాబాద్ చేరారు. వాడి నుంచి రైలుమార్గం పడి అప్పటికి పద్నాలుగేళ్లయింది. అప్పట్లో రైలెక్కి ఇక్కడికి రావాలంటే అదే దారి. రాజా గిర్ధారీ ప్రసాద్ 'బాఖీ' లాంటి కవితాప్రియులు ఆదరించారు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఆయన పుట్టింది 1866లో. సరిగ్గా దాగ్ రాంపూర్ గుర్రపుశాలలో చేరిన ఏడాది! తన ఉద్యోగమంత వయసున్న కుర్రవాడి పిలుపు కోసం దాగ్ ఇప్పుడు ఎదురుచూడాలి.

తెలుగులో ఉమేదువారు అనే మాట ఉంది. మన తాతల కాలంలో కచేరీల చుట్టూ ఉద్యోగం కోసం తిరిగేవాళ్లను అలా అనేవాళ్లు. ఉర్దూ ఉమ్మీద్ నుంచి వచ్చిన మాటే. ఆశ పెట్టుకున్నవాడు అని అర్థం. ఉర్దూ దేశమంతా ఉస్తాద్ అని పిలిచే మనిషి హైదరాబాద్‌లో ఒక ఉమేదువారు. దివాన్‌గా ఆస్మాన్ జాహ్ ఉన్నారు. నిజాం దాకా వెళ్లాలంటే ఎన్ని మెట్లు, ఎన్ని సిఫార్సులు, ఎంతమంది దయ కావాలో ఊహించుకోవచ్చు. ఒక నెల, ఆరు నెలలు, ఏడాది. ముషాయిరాల్లో వాహ్వా వినిపిస్తోంది. ఊళ్లో ఆయన గజళ్లు పాడుతున్నారు. కొత్త శిష్యులు చేరుతున్నారు. దర్బారు నుంచి మాత్రం కబురు లేదు. 1889లో ఆయన వచ్చినదారినే తిరిగి వెళ్లిపోయారు.

ఆ తిరుగు ప్రయాణం గురించి ఆయన జీవితచరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు. నాకైతే మొత్తం కథలో బరువైన ఘట్టం అదే. రాంపూర్‌లో ఉద్యోగం పోవడం ఆయన చేతిలో లేని పని. హైదరాబాద్ నుంచి ఉత్త చేతులతో వెళ్లడం అలా కాదు. తను వెతుక్కుంటూ వచ్చి అడిగాక కాదనిపించుకోవడం. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఎవరైనా ఇక చాలు అనుకునే వయసు. ఢిల్లీలో ఏదో ఒక మూల ఇంట్లో కూర్చుని, శిష్యులు పంపే నజరానాలతో గడుపుకుందాం అనుకోవచ్చు. అలా అనుకున్నా తప్పుపట్టేవాళ్లు లేరు.

1890లో ఆయన మళ్లీ హైదరాబాద్ వచ్చారు.

రెండోసారి రావడానికి మొదటిసారి కంటే ఎక్కువ మొండితనం కావాలి. ఇప్పుడు ఊరికి ఆయన కొత్త కాదు. ఒకసారి వట్టిచేతులతో పోయినవాడని అందరికీ తెలుసు. దర్బారు లోకంలో ఇలాంటివి దాగవు. అయినా వచ్చారు, అయినా వెయిట్ చేశారు. ఈసారి ఎదురుచూపు ఏడాదికి దగ్గరగా పట్టింది. 1891 ఫిబ్రవరిలో నిజాం రాసిన గజల్ ఒకటి ఆయన దగ్గరికి ఇస్లాహ్ కోసం వచ్చింది. ఇస్లాహ్ అంటే దిద్దుబాటు. మహబూబ్ అలీ ఖాన్ ఆసిఫ్ పేరుతో కవిత్వం రాసేవారు. దాగ్ దిద్ది పంపారు. పంపిన పని నచ్చింది. అలా ఆయన నిజాంకు ఉస్తాద్ అయ్యారు. అప్పటికి అరవై నిండడానికి ఇంకా మూడు నెలలుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, గమనించండి. ఆయనకు ఉద్యోగం ఇప్పించింది పొగడ్త పద్యం కాదు. పని. ఒక గజల్ చేతికి వస్తే ఎక్కడ మాట జారిందో, ఏ నుడికారం ఢిల్లీలో అలా అనరో, ఎక్కడ ఒక్క అక్షరం మారిస్తే షేర్ లేచి నిలబడుతుందో చూడగల చేయి. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే అది. పైగా ఎదుటివాడు రాజు. తప్పు దిద్దాలి, మనసు నొప్పించకూడదు. కుర్ర శిష్యుల గజళ్లు వందలకొద్దీ దిద్దినవాడికి ఆ ఒడుపు తెలుసు.

జీతం నెలకు నాలుగువందల యాభై రూపాయలుగా మొదలైంది. తర్వాత వెయ్యి అయింది. రాంపూర్ డెబ్బైతో పోల్చి చూసుకోండి. బుల్బులె హిందుస్తాన్, జహాన్ ఉస్తాద్, ఫసీహుల్ ముల్క్ లాంటి బిరుదులు వరసగా వచ్చాయి. 1893లో మూడో దీవాన్ మహతాబె దాగ్ వెలువడింది. అందులో హైదరాబాద్ గాలి ఉంది. ఎదురుచూసిన రోజుల అలసట కూడా అక్కడక్కడా తగులుతుందని నాకనిపిస్తుంది. దాగ్ అంటే సరదా, సరసం అని కొట్టిపారేసేవాళ్లు ఆ దీవాన్ ఒకసారి తిరగేస్తే మంచిది.

డబ్బు వచ్చాక ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది టపా వ్యవహారం. దేశంలో ఏ మూల నుంచైనా కుర్రవాళ్లు గజల్ రాసి కవర్లో పెట్టి హైదరాబాద్‌కు పంపేవారు. ఉస్తాద్ దిద్ది తిరిగి పంపేవారు. శిష్యులు పెరిగిపోయి దగ్గరుండే శిష్యుల సాయం తీసుకోవలసి వచ్చింది. అహ్సన్ మారహ్రవీ అలా ఆయన దగ్గరే ఉండి, ఆయన బతికుండగానే జీవితచరిత్ర కూడా రాశారు. భాషలో పాటించవలసిన నియమాలను దాగ్ పద్యంలోనే రాసి శిష్యులకు ఇచ్చారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆన్‌లైన్ క్లాసులే, స్టాంపులు అంటించి నడిపారు. పంజాబ్ నుంచి అలా గజళ్లు పంపిన కుర్రవాళ్లలో ముహమ్మద్ ఇక్బాల్ ఒకరు. కొన్నాళ్లకే, నీ కవిత్వంలో ఇక దిద్దవలసింది పెద్దగా లేదని ఉస్తాద్ చెప్పేశారు. గురువు స్వయంగా కోట గోడల మధ్య నేర్చుకున్న భాష, ఆ కోట పోయిన నలభై ఏళ్లకు తపాలా సంచుల్లో ఊరూరా చేరింది.

ఇంకొకరి సంగతి చెప్పకపోతే ఈ కథ ఒంటిచేతి చప్పట్లు అవుతుంది. రాంపూర్‌లో దాగ్‌కు సమఉజ్జీ అమీర్ మీనాయీ. ఒకే కొలువు, ఒకే ముషాయిరాలు, ఇద్దరి పేర్లూ జంటగా చెప్పుకునేవారు. నవాబు పోయినప్పుడు అమీర్ రాంపూర్ వదల్లేదు. ఆయన తలపెట్టిన అమీరుల్ లుగాత్ అనే ఉర్దూ నిఘంటువు సగంలో ఉంది. దాన్ని పూర్తిచేయాలన్న పట్టుదలతో, అంతంతమాత్రం రాబడితో అక్కడే ఉండిపోయారు. 1890ల మొదట్లో రెండు భాగాలు అచ్చయ్యాయి. మిగతాదానికి డబ్బు పుట్టలేదు. పదమూడేళ్లు అలా గడిచాక, 1900లో, డెబ్బై దాటిన వయసులో ఆయనా హైదరాబాద్ వచ్చారు. దాగ్ అప్పటికి ఇక్కడ నిజాం ఉస్తాద్. నిఘంటువుకు దారి దొరుకుతుందన్న ఆశ. కానీ వచ్చిన కొద్ది వారాలకే జబ్బుపడి అక్టోబర్‌లో చనిపోయారు.

దాగ్ చేసింది తెలివైన పని, అమీర్ చేసింది తెలివితక్కువ పని అని తీర్పు చెప్పడం నాకు చేతకాదు. ఒకరి సరుకు నోట్లో ఉంది, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ఇంకొకరి సరుకు గది నిండా కాగితాలు. దాగ్‌కు రెండోసారి రావడానికి ఒంట్లో శక్తి ఉంది. అమీర్‌కు మొదటిసారే ఆలస్యమైంది. అదృష్టం పాలు కూడా తీసేయలేం. మహబూబ్ అలీ ఖాన్‌కు కవిత్వం మీద మోజు లేకపోయి ఉంటే దాగ్ రెండో రాక కూడా మొదటిదానిలాగే ముగిసేది.

ఒక్కటి మాత్రం నిజం. ఆ వెయ్యి రూపాయలు కూడా ఒక మనిషి ఊపిరి మీద ఆధారపడ్డ జీతమే. రాంపూర్‌లో జరిగింది ఇక్కడా జరగవచ్చు. ఈసారి అలా జరగలేదు. 1905లో దాగ్ హైదరాబాద్‌లోనే కన్నుమూశారు, నిజాం కంటే ఆరేళ్లు ముందు. లాహోర్ నుంచి ఇక్బాల్ ఉస్తాద్ మీద మర్సియా రాశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గా ఆవరణలో దాగ్‌ను ఖననం చేశారు. అమీర్ మీనాయీ అప్పటికి ఐదేళ్లుగా ఆ ఆవరణలోనే ఉన్నారు.